ఆలిస్ కోచ్‌మన్: మట్టిబాట నుంచి ఒలింపిక్ పతకానికి, అక్కణ్ణుంచి తరగతి గదికి

ఆల్బనీ అనగానే మనలో చాలామందికి న్యూయార్కు రాష్ట్ర రాజధాని గుర్తొస్తుంది. కానీ మన జార్జియాలో కూడా ఒక ఆల్బనీ ఉంది. అట్లాంటాకు దక్షిణంగా సుమారు 175 మైళ్ళు, కారులో మూడు గంటల ప్రయాణం. పత్తి, వేరుసెనగ, పీకన్ తోటలు ఉన్న ప్రాంతం. ఒలింపిక్స్ లో బంగారు పతకం గెలిచిన మొట్టమొదటి నల్లజాతి మహిళ ఆలిస్ కోచ్‌మన్ పుట్టింది ఆ ఊళ్ళోనే, కన్నుమూసిందీ ఆ ఊళ్ళోనే. కాలేజీలో బాస్కెట్‌బాల్ క్రీడాకారిణిగా, పరుగు పందాల్లో, హైజంప్ లో జాతీయ ఛాంపియన్ గా వెలిగి, ఆ తరవాత జీవితమంతా ఉపాధ్యాయినిగా, శిక్షకురాలిగా గడిపిన మనిషి ఆవిడ. ఆవిడ గురించి తెలుగులో రాసింది నా కంట పడలేదు. అందుకే ఈ వ్యాసం.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన సంఘం వాళ్ళు జరిపే పిల్లల ఆటల పోటీలకు పేర్లు రాసుకునే పని కొన్నేళ్ళుగా నాది. పదేళ్ళ లోపు పిల్లల జాబితాలో ఆడపిల్లలు, మగపిల్లలు ఇంచుమించు సమానంగా ఉంటారు. పదమూడు, పధ్నాలుగు దాటేసరికి ఆడపిల్లల పేర్లు పల్చబడిపోతాయి. అడిగితే తల్లిదండ్రులు చెప్పే కారణాలు మీకూ తెలిసినవే: చదువు వెనకబడుతుంది, ఎండకు నల్లబడుతుంది, ఆ పొట్టి దుస్తులు బాగోవు, అయినా ఈ ఆటలు ఏం కూడు పెడతాయి? ఈ మాటలన్నీ 1930లలో ఆల్బనీలో ఒక తాపీపని చేసే తండ్రి కూడా ఇంచుమించు ఇలాగే అన్నాడు. ఆ కథ తెలిస్తే మన మాటలు మనకే కొత్తగా వినిపిస్తాయని నా ఆశ.

బాల్యం

ఆలిస్ 1923 నవంబరు 9న పుట్టింది. తండ్రి ఫ్రెడ్, తల్లి ఎవలిన్. పదిమంది సంతానంలో ఆమె అయిదోది. పెద్ద కుటుంబం, చిన్న సంపాదన. పిల్లలందరూ పనిచేయాల్సిందే. ఆలిస్ కూడా పత్తి తీసింది, పీకన్ కాయలు, రేగుపళ్ళలాంటి ప్లమ్ములు ఏరింది.

అది జాతి వివక్ష చట్టబద్ధంగా అమలైన కాలం. ఊళ్ళో తెల్లవాళ్ళ పిల్లలకు ఉన్న ఆటస్థలాలు, పరికరాలు నల్లవాళ్ళ పిల్లలకు లేవు. ఆడపిల్ల అయినందువల్ల ఇంకో అడ్డంకి. ఆలిస్ చెప్పులు లేకుండా మట్టిరోడ్ల మీద పరుగెత్తేది. పాత గుడ్డపేలికలు ముడివేసి తాడు చేసి, దాన్ని అడ్డంగా కట్టి ఎగిరేది. తాడు దొరక్కపోతే కర్రపుల్లలు. పోటీకి మగపిల్లలు. వాళ్ళను ఓడించేది కూడా.

తండ్రికి ఇది సుతరామూ నచ్చలేదు. ఆడపిల్లలు శుభ్రంగా ముస్తాబై, ఇంటి వరండాలో ఒద్దికగా కూర్చోవాలన్నది ఆయన అభిప్రాయం. ఆటలకు వెళ్ళినందుకు కూతుర్ని కొట్టేవాడు. ఆయన్ని క్రూరుడిగా చూపించడం నా ఉద్దేశం కాదు. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాదిలో ఒక నల్లజాతి ఆడపిల్ల కాస్త అందరి కళ్ళలో పడితే ఏం ముంచుకొస్తుందో అన్న భయం ఏ తండ్రికైనా ఉండి ఉంటుంది. కానీ ఆ భయానికి ప్రతిసారీ దెబ్బలు తిన్నది ఆ పిల్ల. చిన్నప్పుడు ఆలిస్ కు సినిమా తార షర్లీ టెంపుల్ లాగానో, శాక్సోఫోన్ విద్వాంసుడు కోల్మన్ హాకిన్స్ లాగానో కావాలని ఉండేదట. క్రీడాకారిణి కావడమనే కలే అప్పటికి లేదు. అలాంటి స్త్రీ ఒకరు ఆమె కంటికి కనిపిస్తే కదా కల కనడానికి!

చెయ్యి పట్టి నడిపించిన పెద్దలు

ఇక్కడ ముగ్గుర్ని తలుచుకోవాలి. ఒకరు మన్రో స్ట్రీట్ ఎలిమెంటరీ స్కూల్లో అయిదో తరగతి పాఠం చెప్పిన కోరా బెయిలీ. ఈ పిల్లలో ఏదో ఉందని మొదట గుర్తించింది ఆవిడే. రెండో వ్యక్తి పిన్ని వరసయ్యే క్యారీ స్ప్రై. అన్నగారికో బావగారికో ఎదురు చెప్పడం ఎంత కష్టమో మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలుసు. ఆ పని ఆవిడ చేసింది, పిల్లను ఆడుకోనివ్వమని వెనకేసుకొచ్చింది. మూడో వ్యక్తి హ్యారీ లాష్. 1938లో ఆలిస్ మాడిసన్ హైస్కూల్లో చేరినప్పుడు అక్కడి కోచ్. అంతవరకూ తోచినట్టు ఎగురుతున్న పిల్లకు పద్ధతి నేర్పింది ఆయన.

ఒక బడి టీచరు, ఒక పిన్ని, ఒక డ్రిల్లు మాస్టారు. వీళ్ళలో ఎవరి దగ్గరా డబ్బు గానీ, పలుకుబడి గానీ లేవు. ఈ ముగ్గురూ లేకపోతే ఒలింపిక్ చరిత్రలో ఆ పేరు ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

టస్కిగీ

1939లో అలబామా రాష్ట్రంలోని టస్కిగీ విద్యాసంస్థ నుంచి ఆలిస్ కు స్కాలర్‌షిప్ వచ్చింది. 1881లో బుకర్ టి. వాషింగ్టన్ నాయకత్వంలో మొదలైన విద్యాసంస్థ ఇది. వేరుసెనగ మీద పరిశోధనలతో పేరుపడిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896 నుంచి 1943లో చనిపోయేదాకా పనిచేసింది ఇక్కడే.

అక్కడ క్లీవ్ ఆబట్ అనే క్రీడాధికారి 1923 నుంచి పనిచేస్తున్నాడు. అప్పట్లో చాలా కాలేజీలు ఆడవాళ్ళు పోటీపడి ఆడటం ఆరోగ్యానికీ, మర్యాదకూ మంచిది కాదని భావించేవి. ఆబట్ అలా అనుకోలేదు. 1927లో తాను మొదలుపెట్టిన టస్కిగీ రిలే పోటీల్లో 1929 నుంచి ఆడపిల్లలకు కూడా పందాలు పెట్టాడు. ఆ జట్టు పదే పదే జాతీయ ఛాంపియన్ అయింది, మొత్తం 14 సార్లు. తక్కిన కాలేజీలు వదిలేసిన చోట నల్లజాతి కాలేజీలు ఆడపిల్లల మీద నమ్మకం పెట్టాయి కాబట్టే, ఆ తరంలో అమెరికా మహిళా అథ్లెట్లలో ఎక్కువమంది అక్కణ్ణుంచి వచ్చారు.

తరగతులు మొదలు కాకముందే పదిహేనేళ్ళ ఆలిస్ ను ఆ వేసవిలో కనెటికట్ లోని వాటర్‌బరీలో జరిగిన జాతీయ పోటీలకు తీసుకెళ్ళారు. ఒట్టి కాళ్ళతో హైజంప్ లో నెగ్గింది. ఆ సంవత్సరం మొదలు 1948 వరకూ, వరసగా పదేళ్ళు, ఆరుబయట జరిగే జాతీయ హైజంప్ టైటిల్ ఆమెదే. దానితోపాటు 50 మీటర్లు, 100 మీటర్లు, రిలే పరుగుల్లో కూడా జాతీయ టైటిళ్ళు సాధించింది. 1932 ఒలింపిక్స్ లో పోలండ్ తరఫున 100 మీటర్ల పరుగు గెలిచిన స్టెల్లా వాల్ష్ ను 1945లో అదే పరుగులో ఓడించింది. అన్నీ కలిపితే జాతీయ టైటిళ్ళు పాతిక దాకా తేలతాయి.

మరి బాస్కెట్‌బాల్? టస్కిగీ మహిళా జట్టులో ఆలిస్ గార్డ్ స్థానంలో ఆడేది. ఆ జట్టు వరసగా మూడుసార్లు తమ కాన్ఫరెన్స్ విజేతగా నిలిచింది. ఎగరడానికి కావలసిన కాలి బలం, పరుగెత్తడానికి కావలసిన వేగం రెండూ ఆ ఆటలో పనికొచ్చేవే.

ఈ స్కాలర్‌షిప్ గురించి ఒక మాట చెప్పాలి. ఇప్పుడు మనం అనుకునేలాంటిది కాదది. దానికి బదులు పని చెయ్యాలి. వ్యాయామశాల ఊడవడం, టెన్నిస్ కోర్టులు చదును చేయడం, ఆటగాళ్ళ దుస్తులు చిరిగితే కుట్టడం. పొద్దున పాఠాలు, తరవాత సాధన, ఆ పైన ఈ పని. అయినా చదువు ఆగలేదు. 1946లో టస్కిగీ నుంచి కుట్టుపనిలో పట్టా తీసుకుంది. తరవాత సొంత ఊరికి వచ్చి ఆల్బనీ స్టేట్ కాలేజీలో చేరి 1949లో గృహవిజ్ఞానంలో డిగ్రీ పూర్తిచేసింది. మన అమ్మల తరంలో ఆడపిల్లలకు హోమ్ సైన్సు ఎలా ఉండేదో, అక్కడా అలాగే.

జారిపోయిన రెండు ఒలింపిక్స్

హైజంప్ లో వరసగా గెలుస్తున్న ఆ సంవత్సరాలే రెండో ప్రపంచ యుద్ధపు సంవత్సరాలు. 1940 ఒలింపిక్స్ రద్దయ్యాయి. 1944వి కూడా రద్దయ్యాయి. పదహారో ఏట, ఇరవయ్యో ఏట వచ్చి ఉండాల్సిన రెండు అవకాశాలూ పోయాయి. 1948 నాటికి ఆవిడకు ఇరవై నాలుగేళ్ళు, పైగా వెన్నునొప్పి. అయినా అర్హత పోటీల్లో నెగ్గి, జట్టుతోపాటు ఓడలో లండన్ బయల్దేరింది.

హైజంప్ గురించి నాలుగు ముక్కలు

తెలియనివారి కోసం ఈ ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో రెండు గుంజలు పాతి, వాటి మీద వెదురుబద్ద అడ్డంగా పెట్టి, అవతల ఇసక పోసేవాళ్ళు. ఒలింపిక్స్ లోనూ సూత్రం అదే. ఒక కాలి మీద నుంచే ఎగరాలి. బద్ద పడకూడదు. వరసగా మూడుసార్లు తప్పితే పోటీ నుంచి తప్పుకోవాలి. ఇద్దరు ఒకే ఎత్తు దాటి, ఆ పై ఎత్తు ఎవరూ దాటలేకపోతే, ఆ చివరి ఎత్తును తక్కువ ప్రయత్నాల్లో దాటినవారిదే గెలుపు. ఈ చివరి నియమం గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు మనం టీవీలో చూసే పద్ధతి, అంటే వీపు బద్ద వైపు పెట్టి వెల్లకిలా దాటడం, 1968లో డిక్ ఫాస్‌బరీ ఒలింపిక్స్ లో గెలిచాక వ్యాపించింది. కోచ్‌మన్ కాలంలో అవతల మెత్తని పరుపులు లేవు, ఇసకే. వీపు మీద పడితే వెన్ను విరుగుతుంది. ఆవిడ నిటారుగా ఎగరడాన్నీ, వెస్టర్న్ రోల్ అనే పక్కకి దొర్లే పద్ధతినీ కలిపి తనదైన ఒక తీరు తయారుచేసుకుంది. ప్రస్తుతం మహిళల ప్రపంచ రికార్డు 2.10 మీటర్లు. 2024 జులైలో ఉక్రెయిన్ కు చెందిన యారొస్లావా మహూచిఖ్ నెలకొల్పింది. అప్పటికీ ఇప్పటికీ ఉన్న తేడాలో ఆ పరుపులకీ, ఆ పద్ధతికీ చాలా వాటా ఉంది.

లండన్, 1948 ఆగస్టు 7

వెంబ్లీ స్టేడియంలో 80 వేలకు పైగా జనం. మహిళల హైజంప్ లో అప్పటి ప్రపంచ రికార్డు నెదర్లాండ్స్ కు చెందిన ఫానీ బ్లాంకర్స్ కూన్ పేర ఉంది. ఒక్కొక్కరు మూడు వ్యక్తిగత పోటీలకే పరిమితం కావాలన్న నియమం వల్ల ఆవిడ ఇందులో దిగలేదు. వేరే పందాల్లో నాలుగు బంగారు పతకాలు తీసుకుంది.

చివరికి పోటీ ఇద్దరి మధ్య మిగిలింది. ఒకరు ఆలిస్, రెండోవారు ఇంగ్లండుకు చెందిన డరతీ టైలర్. సొంత దేశపు అమ్మాయి కాబట్టి జనమంతా టైలర్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. బద్దను 1.68 మీటర్లకు, అంటే 5 అడుగుల 6 అంగుళాల పైచిలుకుకు పెంచారు. ఆలిస్ మొదటి ప్రయత్నంలోనే దాటేసింది. టైలర్ రెండో ప్రయత్నంలో దాటింది. ఆ పై ఎత్తు ఇద్దరిలో ఎవరికీ అందలేదు. ఇందాక చెప్పిన నియమం ప్రకారం బంగారు పతకం ఆలిస్ ది. అది కొత్త ఒలింపిక్ రికార్డు కూడా. మూడో స్థానం ఫ్రాన్సుకు చెందిన మిషెలీన్ ఓస్టర్మేయర్ ది. ఆవిడ వృత్తిరీత్యా పియానో కళాకారిణి, ఆ ఒలింపిక్స్ లోనే షాట్‌పుట్, డిస్కస్ రెండూ గెలిచింది!

పాపం టైలర్ విషయంలో విధి విచిత్రం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ లో పదహారేళ్ళ వయసులో ఆవిడ ఇలాగే సమానమైన ఎత్తు దాటింది. ప్రయత్నాలు లెక్కబెట్టే నియమం అప్పుడు ఉండి ఉంటే ఆవిడే విజేత. అప్పుడు ఆ నియమం లేక వెండి పతకం, ఇప్పుడు ఆ నియమం ఉండి వెండి పతకం.

తాను గెలిచిన సంగతి ఆలిస్ కు వెంటనే తెలియలేదట. బోర్డు మీద తన పేరు మొదట ఉండటం చూశాకే అర్థమైందని తరవాత చెప్పుకుంది. ఇంగ్లండు రాజు ఆరో జార్జి స్వయంగా పతకం అందజేశాడు. ఆ ఒలింపిక్స్ అథ్లెటిక్స్ లో బంగారు పతకం గెలిచిన అమెరికా మహిళ ఆవిడ ఒక్కతే.

ఇంటికి వచ్చాక

తిరిగి వచ్చాక అధ్యక్షుడు ట్రూమన్ వైట్ హౌస్ లో అభినందించాడు. సంగీత విద్వాంసుడు కౌంట్ బేసీ విందు ఇచ్చాడు. అట్లాంటా నుంచి ఆల్బనీ దాకా 175 మైళ్ళు కార్లలో ఊరేగించారు. దారి పొడవునా ఊళ్ళలో జనం నిలబడి చేతులూపారు.

ఇంతా చేసి సొంత ఊళ్ళో జరిగిన సన్మానసభలో తెల్లవాళ్ళను ఒక పక్క, నల్లవాళ్ళను ఒక పక్క కూర్చోబెట్టారు. వేదిక మీద ఉన్న నగర మేయరు ఆవిడతో కరచాలనం చేయలేదు. సభ అయ్యాక ఆవిడ పక్క తలుపు గుండా బయటికి వెళ్ళాల్సి వచ్చింది. రాజుగారి చేతుల మీదుగా పతకం తీసుకున్న మనిషికి ఊరి మేయరు చెయ్యి అందలేదు. అదే ఆల్బనీలో 1961లో వివక్షకు వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం లేచింది, మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి అరెస్టయ్యాడు. ఆ ఉద్యమానికి ముందు ఆ ఊరు ఎలా ఉండేదో ఈ సన్మానసభే చెబుతోంది.

బ్లాక్‌బోర్డు ముందు

ఇక్కడితో చాలా వ్యాసాలు ఆగిపోతాయి. అసలు కథ ఇక్కణ్ణుంచేనని నాకనిపిస్తుంది.

ఇరవై నాలుగేళ్ళకే ఆలిస్ పోటీల నుంచి విరమించుకుంది. ఆ రోజుల్లో ఒలింపిక్ క్రీడలు ఔత్సాహికులవి, ఆడి డబ్బు తీసుకుంటే మళ్ళీ పోటీకి అనర్హులు. ఆడవాళ్ళకు వృత్తి క్రీడలు లేనట్టే. 1952లో కోకాకోలా ప్రకటనల్లో కనిపించింది. ఒక అంతర్జాతీయ ఉత్పత్తికి ప్రచారం చేసిన మొదటి నల్లజాతి మహిళా క్రీడాకారిణి ఆవిడే అంటారు. కానీ బతుకుదెరువు మాత్రం బడి.

ప్రాథమిక పాఠశాలలో, హైస్కూల్లో పాఠాలు చెప్పింది. టస్కిగీ హైస్కూల్లో, సౌత్ కరొలైనా స్టేట్ కాలేజీలో, తాను చదివిన ఆల్బనీ స్టేట్ కాలేజీలో పనిచేసింది. వ్యాయామ విద్య నేర్పింది, అథ్లెటిక్స్ జట్లకు శిక్షణ ఇచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయిన యువతకు వృత్తి నేర్పే ప్రభుత్వ పథకం జాబ్ కోర్ లో కూడా పనిచేసింది. పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని పెంచింది. 1994లో తన పేర ఒక సంస్థ ప్రారంభించింది. దాని పని రెండు రకాలు: ఎదుగుతున్న క్రీడాకారులకు సాయం చేయడం, రిటైరైన ఒలింపిక్ క్రీడాకారుల కష్టాల్లో తోడు నిలవడం. ఈ రెండో పని గురించి ఆలోచించే ఉద్దేశం అందరికీ రాదు. పతకం తరవాతి జీవితం ఎలా ఉంటుందో ఎరిగినవాళ్ళకే వస్తుంది.

లెక్క చూడండి. పోటీల్లో గడిపింది పదేళ్ళు. పతకం తరవాత బతికింది అరవై ఆరేళ్ళు. ఒక టీచరు చేసిన సాయాన్ని ఇంకో టీచరై తీర్చుకోవడం అంటే ఇదే కదా!

ఆ బాటలోనే ఇంకొందరు

ఇది ఆలిస్ ఒక్కదాని కథ కాదు. మన అట్లాంటాలో పుట్టిన మిల్‌డ్రెడ్ మెక్‌డానియల్ కూడా బాస్కెట్‌బాల్ ఆడుతూ హైజంప్ లోకి వచ్చిన అమ్మాయే. ఆవిడా టస్కిగీ విద్యార్థినే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ లో 1.76 మీటర్ల ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచి, తరవాత కాలిఫోర్నియాలోని పసడెనాలో దశాబ్దాల పాటు వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసింది. 1948 జట్టులో ఆలిస్ తో పాటు వెళ్ళిన నెల్ జాక్సన్, మరో టస్కిగీ విద్యార్థిని, 1956లో అమెరికా మహిళా ఒలింపిక్ అథ్లెటిక్స్ జట్టుకు కోచ్ అయింది, డాక్టరేట్ తీసుకుని విశ్వవిద్యాలయాల్లో బోధించింది. అదే 1948లో 200 మీటర్లలో కాంస్యం గెలిచిన ఆడ్రీ ప్యాటర్సన్ తరవాత శాన్ డియేగోలో పిల్లల అథ్లెటిక్స్ క్లబ్బు నడిపింది. 1960 రోమ్ లో మూడు బంగారు పతకాలు గెలిచిన విల్మా రుడాల్ఫ్ కూడా కొంతకాలం చిన్నపిల్లలకు పాఠాలు చెప్పింది. టీవీ వచ్చాక గెలిచింది కాబట్టి విల్మాయే మొదటి నల్లజాతి మహిళా విజేత అని ఇప్పటికీ చాలామంది పొరబడుతుంటారు.

మన తెలుగునాట కూడా ఈ బాట లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ లో బరువులెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ గా నియమితురాలైంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచిన పుల్లెల గోపీచంద్ హైదరాబాదులో అకాడమీ పెట్టి సైనాను, సింధును తీర్చిదిద్దిన సంగతి అందరికీ తెలిసిందే.

ఒక్క చూపులో

1923: ఆల్బనీ, జార్జియాలో జననం.
1939: టస్కిగీలో ప్రవేశం, మొదటి జాతీయ హైజంప్ టైటిల్.
1946: టస్కిగీ నుంచి కుట్టుపనిలో పట్టా.
1948: లండన్ ఒలింపిక్స్ హైజంప్ లో బంగారు పతకం, 1.68 మీటర్లు.
1949: ఆల్బనీ స్టేట్ కాలేజీ నుంచి డిగ్రీ.
1975: జాతీయ ట్రాక్ అండ్ ఫీల్డ్ హాల్ ఆఫ్ ఫేమ్ లో స్థానం.
1979: జార్జియా స్పోర్ట్స్ హాల్ ఆఫ్ ఫేమ్ లో స్థానం.
1994: క్రీడాకారుల సాయానికి సంస్థ స్థాపన.
1996: అట్లాంటా ఒలింపిక్స్ సందర్భంగా వందమంది గొప్ప ఒలింపిక్ క్రీడాకారుల్లో ఒకరిగా గౌరవం.
2004: అమెరికా ఒలింపిక్ హాల్ ఆఫ్ ఫేమ్ లో స్థానం.
2014 జులై 14: ఆల్బనీలో మరణం, వయసు 90.

ఆల్బనీలో ఒక ప్రాథమిక పాఠశాలకు ఆవిడ పేరు పెట్టారు. పక్క తలుపు చూపించిన ఊరే ఆ పని చేసింది.

మన ఇళ్ళ సంగతి

1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే బడుల్లో ఆడ, మగ తేడా చూపకూడదన్నది దాని సారాంశం. ఆ చట్టానికి ముందు ఈ దేశంలో హైస్కూలు క్రీడల్లో పాల్గొనే ఆడపిల్లలు మూడు లక్షల లోపు. ఇప్పుడు 30 లక్షలకు పైనే. మన అమ్మాయి స్కూల్లో ఉన్న జిమ్మూ, కోచ్, బస్సూ, యూనిఫారం ఊరికే రాలేదు. గుడ్డపేలికలు ముడివేసుకున్న ఆడపిల్లలు ముందు నడిచిన దారి అది.

స్కాలర్‌షిప్ వస్తుందని పిల్లల్ని ఆడించమని నేను చెప్పను. ఐవీ లీగ్ కాలేజీలూ, డివిజన్ త్రీ కాలేజీలూ ఆటలకు స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు. మిగతా చోట్ల కూడా దొరికేది కొద్దిమందికే. స్కూలు జట్టులో ఉండాలంటే మార్కులు ఒక స్థాయికి తగ్గకూడదన్న నియమం మామూలుగా ఉంటుంది కాబట్టి, చదువు పాడవుతుందన్న భయానికి కూడా స్కూలే కొంత కాపు. పిల్లకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. ఇష్టం ఉంటే మాత్రం వద్దనే ముందు ఒకసారి వెళ్ళి ఆ కోచ్ తో మాట్లాడండి. సాధన ఎన్ని గంటలు, ప్రయాణాలు ఎన్ని, దెబ్బ తగిలితే ఏం చేస్తారు, అన్నీ అడగండి. వాళ్ళు సంతోషంగా చెబుతారు. దుస్తుల సంగతి మీకు ఇబ్బందిగా ఉంటే అదీ అడగండి, కింద లెగ్గింగ్స్ వేసుకునే పిల్లలు చాలామందే ఉంటారు.

తల్లిదండ్రులు కాని వాళ్ళకు కూడా ఇందులో పనుంది. అందరం కోరా బెయిలీలం కాలేకపోవచ్చు, క్యారీ స్ప్రై కావడం కష్టమేం కాదు. స్నేహితుల ఇంట్లో పన్నెండేళ్ళ పిల్ల బాస్కెట్‌బాల్ మానేయాలా వద్దా అని పెద్దలు మాట్లాడుకుంటుంటే, ఆ పక్కన కూర్చున్న పిన్నిగానో, బాబాయిగానో ఒక్క మాట వెయ్యండి చాలు. వీలైతే శనివారం పొద్దున ఆటకు మీరే కారులో దింపి రండి.

వచ్చే ఆటల పోటీలకు పేర్లు ఎప్పటిలాగే నేనే రాసుకుంటాను. ఈసారి పధ్నాలుగేళ్ళు దాటిన ఆడపిల్లలకు హైజంప్, 100 మీటర్ల పరుగు, బాస్కెట్‌బాల్ మూడూ పెడుతున్నాం. కాగితం మీద చోటు చాలా ఉంది.